ఎడమ మ్యాట్

బావ ఆ అట్టపెట్టె విప్పిన రోజు ముందు గదంతా కొత్త రబ్బరు వాసన.

బావ గేమ్ హాల్లో మెషీన్లు బాగుచేస్తాడు. అక్కడి పెద్ద డాన్సు మెషీన్ మీద జనం వరసకట్టి ఆడే ఆట, ఇప్పుడు ఇంట్లో టీవీకి తగిలించుకునే కన్సోల్‌కి కూడా వచ్చిందట. పెట్టెలో రెండు మ్యాట్లు. వాటి మీద బాణం గుర్తులు. తెర మీద బాణం ఎటు చూపిస్తే అటు, పాట తాళానికి సరిగ్గా కాలు వెయ్యాలి. అంతే.

"ఆదివారం హాల్లో దీన్ని అందరికీ ఆడి చూపించాలి. మీ ఇద్దర్లో ఎవరి స్కోరు ఎక్కువుంటే వాళ్ళే నాకు జోడీ," అన్నాడు బావ.

అక్క నవ్వేసి, "అయితే నువ్వు ముందు కాళ్ళు కడుక్కో," అంది. చెల్లెలు చిట్టి మాత్రం నవ్వలేదు. ఆ మాట దిండు కింద పెట్టుకుని పడుకుంది.

చిన్నప్పుడు విరిగిన కుడికాలు అక్కకి సరిగ్గా అతుక్కోలేదు. నడిస్తే చప్పుడు తెలిసిపోతుంది. చప్... సర్ర్. చప్... సర్ర్. మ్యాట్ ఎక్కితే ఆ ఈడ్పు కూడా పాటలో కలిసిపోతుంది. అప్పుడు బావ అక్క పాదం వైపు చూసే చూపు ఉంటుందే... వాన మొదలవ్వబోయే ముందు ఆకాశంలా, మెత్తగా. ఆ చూపు ఒక్కసారి తన మీద పడితే చాలని చిట్టి ఎన్ని పగటికలలు కందో. పడదు. తనని చూస్తే నెత్తి మీద మొట్టి, "ఏమే పొట్టిదానా," అంటాడు. కడుపు రగిలిపోదూ మరి.

వెళ్ళేముందు బావ ఒక మాట చెప్పాడు. "ఎడమ మ్యాట్ పెద్దదానిది, కుడిది చిట్టిది. మార్చి ఎక్కకండి. దీనికి మొహాలు తెలీవు, పాదాలే తెలుసు. మారారంటే ఒకర్ని చూసి ఇంకొకరనుకుంటుంది."

శనివారం సాయంత్రం. అమ్మ డ్యూటీకి వెళ్ళింది. అక్క చెప్పుల షాపు నుంచి ఇంకా రాలేదు. బయట ముసురు. చిట్టి కర్టెన్లు మూసి తన మ్యాట్ మీద ఎన్నిసార్లు ఆడినా అక్క స్కోరు దగ్గరికి కూడా పోలేదు. చెమట, కన్నీళ్ళు కలిసి గడ్డం మీదకి కారుతున్నాయి.

మంచి మ్యాట్ దానికే ఇచ్చాడు, అనుకుంది.

ఎడమ మ్యాట్ ఎక్కింది.

వెచ్చగా ఉంది. ఇప్పుడే ఎవరో దిగి వెళ్ళినట్టు. అక్క పాదాలకి పడిన గుంటల్లో తన పాదాలు ఒదిగిపోయాయి. పాట మొదలైంది. బాణం కనపడకముందే కాలు పడుతోంది. కుడికాలు తనంతట తనే ఈడుస్తోంది. చప్... సర్ర్. ఎంత హాయిగా ఉందో. బావ ఇప్పుడొస్తే బాగుణ్ణు...

టప్.

కుడి మ్యాట్ మీద చిన్న చప్పుడు. చిట్టి తల తిప్పింది. ఎవరూ లేరు.

టప్, టప్. తడబడుతూ... పాట తాళానికి ఒక అడుగు వెనకగా.

పాట ఆగింది. అక్క స్కోరు దాటిపోయింది. తెర మీద అక్షరాలు వెలిగాయి. "పక్క మ్యాట్ మనిషిని తీసెయ్యాలా?"

పక్క మ్యాట్ అంటే అక్క. ఇన్నాళ్ళూ అంతేగా. చిట్టి ఇంకేమీ ఆలోచించలేదు. అవును అన్నచోట కాలితో గట్టిగా తొక్కింది.

తెర మూల నుంచి ఒక బొమ్మ నడిచొచ్చింది. చిన్న మనిషి. రెండు జడలు.

అక్క ఎప్పుడూ ముడే వేసుకుంటుంది. రెండు జడలు...

చిట్టి చెయ్యి తన జడ మీదకి పోయింది. తెర మీది బొమ్మ కూడా జడ పట్టుకుంది. ఇటే చూసింది. ఆరిపోయింది.

గదిలో రబ్బరు వాసన ఒక్కసారి ఎక్కువైంది. మెట్ల మీద బూట్ల చప్పుడు. తలుపు తోసుకుని బావ వచ్చి, గడియ పెట్టి, తల దులుపుకుంటూ ఆగిపోయాడు. చూశాడు.

ఆ చూపే. మెత్తగా, వానకి ముందు ఆకాశంలా.

"షాపు నుంచి తొందరగా వచ్చేశావే పెద్దదానా," అన్నాడు.

నేను చిట్టిని బావా, అనాలి. నాలిక మీదిదాకా వచ్చింది. కానీ ఆ చూపు పోతుందేమో... ఒక్క క్షణం ఉండనీ. మింగేసింది.

"అంత స్కోరా. ఇంక రేపు నువ్వే నా జోడీ." వంగి కుడి మ్యాట్ వైరు పీకేసి చుట్టసాగాడు. "ఇదెందుకు పరిచావు? ఇంట్లో ఆడేది నువ్వొక్కదానివేగా."

"మరి... చిట్టి?"

"ఏ చిట్టి?"

ఎగతాళి కాదు. మొహంలో నవ్వు కూడా లేదు. చిట్టి మ్యాట్ దిగబోయింది. పాదాలు లేవలేదు.

కింద మెట్ల దగ్గర... చప్... సర్ర్.

ఒక్కో మెట్టూ ఎక్కి వస్తోంది. చప్... సర్ర్. బావ చేతిలో వైరు ఆగిపోయింది. తన ఎదుట ఉన్నదాన్ని చూశాడు. తలుపు వైపు చూశాడు.

"ఎవరది?" అని గొణిగాడు.

చప్పుడు తలుపు దగ్గర ఆగింది. అక్క గొంతు, రోజూలాగే, అలిసిపోయి.

"చిట్టీ... తలుపు తియ్యవే."

అమ్మయ్య, అక్కకి గుర్తుంది. చిట్టికి ప్రాణం లేచొచ్చింది. పలకడానికి నోరు తెరిచింది.

ఈలోపే, వైరు పీకేసిన కుడి మ్యాట్ మీద రెండు చిన్న పాదాల గుంటలు దిగాయి.

"వస్తున్నా అక్కా," అంది చిట్టి గొంతు, ఆ మ్యాట్ మీంచి.