ముళ్లు గట్టిగా ఉన్నాయి

ఊరిబిండి పచ్చడిలో చింతపండు ఎక్కువైందని వంశీ కంచం దూరంగా జరిపాడు.

“పులుపు లేని ఊరిబిండి యాడైనా ఉంటాదా?” అంది అతని అక్క కోమలి.

“నువ్వు ఐరాల నుంచి వచ్చినప్పట్నుంచీ ఈ ఇంట్లో అన్నీ పులుపే!”

“రేపు ఆపరేషన్ పెట్టుకున్న మనిషితో తగువేంది? ఊరుకోండి,” అంది వంశీ భార్య భానుశ్రీ.

“నా మరదలే నాకు దిక్కు. డాక్టర్లందరూ గర్భసంచే తీసేయాలన్నారు. గడ్డ మాత్రం తీసి సంచి నిలబెడతారని ఈ ఆసుపత్రి సూపించింది ఇదే కదా,” అని కోమలి ఆమె వీపు నిమిరింది. కోమలి పెళ్లయి ఏళ్లయినా బిడ్డ కోసం ఎదురుచూస్తున్న మనిషి.

భానుశ్రీ కంచంలో అన్నం కెలికింది.

ఇంట్లోవాళ్లకు ఆమె ఆపరేషన్ దారాల కంపెనీలో సేల్స్ ఉద్యోగి. ఢిల్లీలో పేరు బయటికి చెప్పని ఒక విభాగానికి మాత్రం సీక్రెట్ ఏజెంట్. ఆమె పైఅధికారి దొరస్వామి ఈమధ్యే చిత్తూరు మామిడి మండీలో, వ్యాపారి వేషంలో, గంపల వెనక కూర్చుని బ్రీఫింగ్ ఇచ్చాడు.

“కాయ పండిందా?”

“ఇంకా దోరగానే ఉండాది.” కోడ్ సరిపోయింది.

“తిరుపతి ఆసుపత్రిలో డాక్టర్లందరి ముందు చేసే లైవ్ సర్జరీలో, మన దేశంలో మీ కంపెనీ చేసిన కొత్త దారం సూపిస్తారు. దాని ఒళ్లంతా సన్న ముళ్లు. ముందుకు లాగితే పోతాది, వెనక్కి రాదు. ముడేసే పనే లేదు. విదేశీ ముఠా దాని బదులు నకిలీది పెట్టబోతోంది. నాలుగు రోజుల్లో కరిగిపోయేది.”

“కుట్లు విడిపోతే?”

“పేషెంట్‌కి రక్తస్రావం. మన దారానికి బ్యాన్. ముఠాలో మన మనిషి డాక్టర్ పల్లవి ఉండాది. అసలు దారమే పడితే ‘ముళ్లు గట్టిగా ఉన్నాయి’ అంటాది. పేషెంట్ నీ మనిషైతే, నువ్వు లోపలున్నా ఎవరికీ అనుమానం రాదమ్మా.”

అప్పుడు కోమలి పేరు చెప్పింది భానుశ్రీయే. చెప్పే ముందు కోమలిని అడగలేదు.

మర్నాడు ఆపరేషన్ థియేటర్లో, దారం కంపెనీ మనిషిగా నిలబడ్డ భానుశ్రీ కళ్లద్దాల్లో కెమెరా, చెవికమ్మలో రిసీవర్. పచ్చగుడ్డల కింద కోమలి పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. నిన్న రాత్రి పెట్టుకున్న గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది.

పెద్ద డాక్టర్ రాజారత్నం గడ్డ తీసి, కుట్టే పని పల్లవికి అప్పగించాడు. మాస్క్ పైన కూడా చూపు తిప్పుకోనివ్వని కళ్లు ఆమెవి. కడుపు లోపలిది చూపించే స్క్రీన్ మీద సూది గర్భసంచి గోడలో చకచకా దూరి వచ్చింది.

“ముళ్లు గట్టిగా ఉన్నాయి,” అంది పల్లవి చిన్నగా నవ్వి.

“మిషన్ ఓకే. బయటికొచ్చేయ్,” చెవిలో దొరస్వామి గొంతు.

భానుశ్రీ తలుపు దాకా నడిచింది. నడుస్తూనే స్క్రీన్ వంక చూసింది. దారం చివర ముడి మీద ముడి.

ముళ్లు! ముల్లుకూ, ముడికీ బహువచనం ఒకటే. పల్లవి అబద్ధం చెప్పలేదు; ముఠాకు అమ్ముడుపోయి, ముడుల మాట చెప్పింది. ముళ్లున్న దారానికి ముడి అక్కర్లేదు. ముళ్లు లేవని తెలిసిన చెయ్యే ముడి వేస్తుంది. వేయకుంటే అందరి కళ్ల ముందే కుట్టు జారిపోయేది.

“ఆపండి సార్! అది మా దారం కాదు!”

పరికరాలు బయటికి తీయబోతున్న రాజారత్నం చేయి ఆగింది. అతను ముడి కత్తిరించి దారాన్ని వెనక్కి లాగాడు. నున్నగా జారి వచ్చేసింది. స్క్రీన్ మీద ఎరుపు ఊరసాగింది.

భానుశ్రీ బ్యాగులోంచి సీలు విప్పని ప్యాకెట్ తీసి నర్సుకు అందించింది. పల్లవి గ్లవ్స్ విసిరేసి తలుపు తోసింది. ఎదురుగా వార్డ్‌బాయ్ వేషంలో దొరస్వామి.

“యాడికమ్మా?”

లోపల కొత్త దారం ముడి లేకుండా గాయాన్ని పట్టుకుంది. ఎరుపు ఆగింది.

కోమలి కోలుకుని ఇంటికి వచ్చాక ముగ్గురూ కలిసి భోజనానికి కూర్చున్నారు. కోమలి తన కంచంలోని అప్పడం విరిచి మరదలికి పెట్టింది. ఇక భానుశ్రీ ఆగలేకపోయింది. అంతా చెప్పేసింది.

“దొంగల్ని పట్టుకోడానికి నిన్ను ఎర వేసినా వదినా. ఆ సీక్రెట్ ఏజెంట్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసినా.”

కోమలి చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది.

“అడిగుంటే ఒప్పుకొనేదాన్నేమో,” అంది. “అడగలేదు సూడు, ఆ నొప్పి కుట్టు నొప్పి కంటే ఎక్కువుండాది. రాజీనామా మంచి పనే. చారు పొయ్యి.”

భానుశ్రీ తల వంచుకుని చారు పోసింది. వంశీ ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు.

“అంటే నువ్వు దారాలమ్మేదానివి కాదా? మరి పోయినేడు బెస్ట్ సేల్స్ షీల్డు ఇచ్చినారే!”

“అది మాత్రం నిజంగా వచ్చిందే,” అంది భానుశ్రీ.