ఆదివారం దొంగ

"దొంగ! దొంగ! పట్టుకోండ్రి!"

శాలిబండ సందులో సైకిల్ మీద పోతున్న వైకుంఠం ఆ కేక విని బ్రేకు వేశాడు. కేక ఆడపిల్లల బడి ఆవరణలోంచి వచ్చింది. ఆదివారం కదా, బడికి సెలవు. సైకిల్ అక్కడే పడేసి, గేటు తోసుకుని లోపలికి పరుగెత్తాడు.

ముఖానికి తువ్వాలు చుట్టుకున్న ఎవడో ఒక ముసలావిడ చేతి సంచి గుంజుతున్నాడు. వైకుంఠం వెనకనుంచి వెళ్లి ఆ దొంగ భుజం పట్టుకున్నాడు.

తర్వాత ఏం జరిగిందో అతనికి సరిగ్గా తెలియలేదు. మణికట్టు దగ్గర ఏదో మెలితిరిగింది. మరుక్షణం అతను వెల్లకిలా నేల మీద ఉన్నాడు. ఆ పైన సంచి ముసలావిడ గొడుగు మొనతో డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

దొంగ తువ్వాలు జారిపోయింది. బారెడు జడ బయటపడింది.

"ఎవరయ్యా నువ్వు? నడి క్లాసుల జొరబడ్డవ్?"

"క్లాసా? గిదేం క్లాసు?"

చుట్టూ పదిమంది దాకా ముసలివాళ్లు. మగవాడు శివయ్య తాత ఒక్కడే. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

"సత్తెమ్మా, మంచిగ పొడిచినవ్ గని, పొడిచినంక ఆడ నిలబడొద్దు. మంది ఉన్న దిక్కు పోవాలె. మనం గెల్వనీకి రాలే, పానంతోని ఇల్లు చేరనీకి వచ్చినం," అంది జడ పిల్ల.

ఆమె పేరు నీల. ఆ బడిలో డ్రిల్ టీచర్. తండ్రి రాజన్న కార్వాన్‌లో పహిల్వాన్, సొంతంగా కుస్తీ తాలీం నడుపుతాడు. కొడుకులు లేని లోటుకు కూతురికే కుస్తీ పట్లు నేర్పాడు. సందుల్లో ముసలివాళ్ల మెడలో గొలుసులు తెంపడం ఎక్కువైందని, ఆమె ఆదివారం ఆదివారం వాళ్లను పోగుచేసి నేర్పుతోంది.

వైకుంఠం లేవడం మరిచిపోయి ఆమెనే చూస్తున్నాడు.

"దెబ్బ తాకిందా?" అని అడిగింది నీల.

"తాకింది," అన్నాడు. ఎక్కడో చెప్పలేదు.

వైకుంఠం ఆర్టీసీ వర్క్‌షాపులో ఫిట్టర్. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే నాయనమ్మ కొమురమ్మ పెంచింది. రెండు బర్రెలు పెట్టుకుని, పాలచెంబు నెత్తిన పెట్టుకుని నలభై ఏళ్లు జహనుమా గల్లీలు తిరిగిన మనిషి. నాలుగు నెలల కింద ఎవడో ఆమె మెడలోని బంగారు గుండ్లపేరు తెంపుకుపోయాడు. ఆ గుంజుడుకు పడి ఎడమ చెయ్యి విరిగింది. ఎముక అతుక్కుంది గాని, కొమురమ్మ మళ్లీ గడప దాటలేదు.

బడిలో జరిగింది కళ్లకు కట్టినట్టు చెప్పాడు వైకుంఠం. ఆమె నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

"పడ్డోళ్లకు ఎర్క, పడుడంటే ఏందో."

బుధవారం సాయంత్రం అతను బడి గేటు దగ్గర నిలబడ్డాడు. "టీచరమ్మా, మా అవ్వకు నేర్పుతవా?"

"తోల్కరా."

"గడప దాటదు."

"అయితే నేనే వస్త."

వచ్చింది. పట్లు, దెబ్బల ఊసే ఎత్తలేదు. కొంగు నడుముకు బిగించి, "అవ్వా, నీకు పడుడు నేర్పుత," అంది. అని, బండలు పరిచిన వాకిట్లో నిలబడి పడింది.

వైకుంఠం లేపడానికి ఉరికాడు. ఆమె లేచింది. మళ్లీ పడింది.

"చూడవ్వా, చెయ్యి కింద పెట్టొద్దు, ఇరుగుతది. గడ్డం రొమ్ముకు ఆనాలె. కాళ్లు మడిచి, పక్కకు దొర్లాలె. తొడ మీద, భుజం మీద బరువు పంచుకోవాలె."

ఆరు సార్లు పడింది. మోచెయ్యి దోక్కుపోయింది. బర్రెలు మేత మాని చూస్తున్నాయి. ఎవరో ముక్కూ మొహం తెలియని ముసలావిడ కోసం ఇంత పిల్ల బండల మీద ఇన్నిసార్లు పడటం వైకుంఠం ఎక్కడా చూడలేదు. గుడిలో నిలబడ్డట్టు నిలబడిపోయాడు.

కొమురమ్మ గడప మీదికి వచ్చి కూర్చుంది. "మళ్లొక్కసారి చెయ్యి బిడ్డా. చెయ్యి ఏడ పెట్టినవో చూడలే."

నాలుగు నెలల్లో ఆమె ఏదైనా అడగడం అదే మొదలు.

తర్వాత వాకిట్లో బొంతలు పడ్డాయి. వాటి మీద కొమురమ్మ పడింది, తిట్టింది, లేచింది. నెల తిరిగేసరికి రిక్షా ఎక్కి ఆదివారం క్లాసుకు వచ్చింది. వైకుంఠానికీ అక్కడ ఉద్యోగం దొరికింది.

"మాకు ఖాయంగ ఒక దొంగ కావాలె," అంది నీల.

"జీతం?"

"దెబ్బలు."

"ఓవర్‌టైం గిట్ల ఉందా?"

"ఎక్కువ మాట్లాడితే గదే ఉంటది."

ఒక ఆదివారం వాన దంచికొట్టింది. అందరూ వరండాలోకి చేరారు. మణికట్టు పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో చెబుతోంది నీల. "ఎంత గట్టిగ పట్టినా బొటనవేలు దిక్కు పట్టు కచ్చగ, వదులుగ ఉంటది. ఆ దిక్కే గుంజాలె. ఏదీ, పట్టు."

వైకుంఠం పట్టుకున్నాడు. రేకుల మీద వాన చప్పుడు. పహిల్వాన్‌ను సైతం విదిలించగల ఆమె చెయ్యి కదలకుండా అతని చేతిలో ఉండిపోయింది.

"ఏందమ్మా, బొటనవేలు దొర్కుత లేదా?" అంది సత్తెమ్మ.

వరండా అంతా గొల్లుమంది. నీల ముఖం కందిపోయింది. ఆ రాత్రంతా వైకుంఠం నిద్రపోలేదు. కాని మర్నాడూ, ఆ మర్నాడూ ఏమీ చెప్పలేకపోయాడు. ఆమె చదువుకున్న టీచరు. తనది నూనె మసి, బర్రె పేడ.

అంతలో తగాదా వచ్చింది. కొమురమ్మ ఒంటరిగా జహనుమా పోయి పాలు పోసి వస్తానంది. వైకుంఠం ససేమిరా అన్నాడు.

"రోజూ నువ్వు ఎంబడి పోతే, నేను నేర్పింది ఎందుకు?" అంది నీల.

"నీకేం, నీ అవ్వ కాదు గద!"

మాట జారింది. నీల అతనివైపు ఒక్కసారి చూసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మరుసటి ఆదివారం గేటు దగ్గరే ఆపేసింది. "వేరే దొంగ దొరికిండు. మీరు రానవసరం లేదు." లోపల శివయ్య తాత తువ్వాలు చుట్టుకుంటూ పళ్లు లేని నవ్వు నవ్వాడు. 'మీరు' అన్న ఆ మాట వైకుంఠానికి గొడుగు పోటు కన్నా గట్టిగా గుచ్చుకుంది.

ఆ పై ఆదివారం పొద్దున పాలు పోసి ఇంటికి వచ్చేసరికి అవ్వ లేదు. కర్ర లేదు. చెప్పులు లేవు. జహనుమా గల్లీలన్నీ వెతికాడు. బడి దగ్గరకు పోయాడు, ఆ వారం క్లాసు లేదేమో, తాళం ఉంది. మధ్యాహ్నానికి ఇంటికి వస్తే, వాకిట్లో నీల నిలబడి ఉంది.

"అవ్వ మా ఇంట్ల ఉంది. ఫికర్ చెయ్యకు."

"కార్వాన్‌లనా? ఎట్ల పోయింది?"

"నడిచి. ఒక్కతే. పురానాపూల్ మీద ఎవడో ఆనుకుంట ఎంబడి వచ్చిండట. గోడకు ఈపు పెట్టి, కర్ర అడ్డం పట్టి, 'ఆడనే నిలబడి మాట్లాడు!' అని ఒర్లిందట. పూల్ మీదున్న మందంత తిరిగి చూసిండ్రట. వాడు పత్తా లేడు. అంత జరిగినా ఎనుకకు మర్లలే. మా ఇంటికొచ్చి, మంచినీళ్లు తాగి, 'నీ బిడ్డను నా మనుమనికి ఇస్తవా' అని నాయనను అడిగింది. మా నాయన ఎవ్వరికీ లేవడు వైకుంఠం. లేచి చేతులు జోడిచ్చిండు."

వైకుంఠం గడప మీద కూలబడ్డాడు. గడప దాటడానికి వణికిన మనిషి మూసీ దాటి పోయింది. తన కోసం. తనేమో ఒక్క మాట దాటలేకపోయాడు.

"మీ నాయన ఏమన్నడు?"

"పిల్ల ఇష్టం అన్నడు."

"పిల్లేమన్నది?"

"పిల్లనెవరన్న అడిగిండ్రా?"

అతను లేచి నిలబడ్డాడు. "గా దినం తప్పు మాటన్న. మాఫ్ చెయ్యి. నీలా, నన్ను చేసుకుంటవా?"

"చేసుకుంట," అంది నీల వెంటనే. తర్వాత తలొంచుకుని నవ్వింది. "ఇగ నడువు. అవ్వ, పోయేటప్పుడు గూడ నడిచే పోతనని మొండిగ కూసుంది."

ఆ సాయంత్రం పురానాపూల్ మీద సన్నటి జల్లు పడుతోంది. పక్కన నడుస్తామంటే కొమురమ్మ ఒప్పుకోలేదు. పది అడుగుల వెనక వాళ్లిద్దరూ, ముందు ఆమె. రిక్షాలు, సైకిళ్లు, ఎడ్లబండ్ల మధ్య తెల్ల చీర కొంగు నెత్తిన వేసుకుని, ఎవరికీ తొలగకుండా నడిచిపోతోంది.

నీల వైకుంఠం చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఆమెనే చూస్తూ నడిచారు.