రిమార్కులు రాసిన ఓటు

“ఏం పండే అది, పొద్దున్నే నాన్నతో ఈ గొడవ?” అంటూ అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

“పండు కాదమ్మా, ఫండ్! నేను పనిచేసే హెడ్జ్ ఫండ్.”

“పండినా ఎండినా కాస్త నెమ్మదిగా అరవ్వే. ఆయనకి బీపీ.”

సరిగా నడవని కంపెనీలో కొన్ని వాటాలు కొనడం, యాజమాన్యం మెడలు వంచి మార్పులు చేయించడం, ధర పెరిగాక అమ్ముకుని వెళ్లిపోవడం, ఇదీ ఆ ఫండ్ పని. ఈసారి దాని కన్ను, నాన్న ముప్పై ఏళ్లు ఫోర్‌మన్‌గా చేసి నిరుడే రిటైరైన సబ్బుల కంపెనీ మీద పడింది. ఛైర్మన్‌ని దించడానికి వాటాదారుల ఓట్లు కావాలి. నాన్నకీ వాటాలున్నాయి. “మా నాన్న ఓటు మనదే” అని కూతురు ఆఫీసులో గొప్పలు పోయింది. తీరా ఆయన ఓటు కార్డు చెల్లదని తిరిగొచ్చింది.

“కావాలనే పాడుచేశావు కదూ? ఆ ఛైర్మన్ మీద ఇంకా భక్తి!”

“వాడి మీదా? పన్నెండేళ్లు పాత బాయిలర్‌తోనే మా చేత ఈడ్పించి, కంపెనీ డబ్బుతో తను విమానం కొనుక్కున్నాడు. వాణ్ణి కిందికి దించాలనే నాకూ ఉంది. సరే, మీరు చెయ్యి పెట్టిన కంపెనీలు మీరు వెళ్లాక ఎలా ఉన్నాయి?”

కూతురి గొంతు తగ్గింది. “కొన్ని నిజంగానే బాగుపడ్డాయి. కొన్నిటి ధర ఏడాది పొంగి, మళ్లీ పడిపోయింది.”

“అది నురగ. సబ్బెంత మిగిలిందో చెప్పమంటున్నాను.”

“అందుకని కార్డంతా గీకేశావా?” అంటూ దాన్ని బల్ల మీద పడేసింది.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది. “ఛైర్మన్‌ను దించుటకు సమ్మతి. రెండో లైనులో ఆవిరి లీకు, బొగ్గు వృథా. ముందు బాయిలర్ మార్చవలెను. ప్యాకింగ్ వాళ్లను తీసేయరాదు, తప్పు వాళ్లది కాదు... సంతకం, టైముతో సహా!” చదివి పకపకా నవ్వింది. “ఓసి పిచ్చిదానా, ఈయన ఫ్యాక్టరీలో రోజూ రాసినట్టు షిఫ్టు పుస్తకం రాశారే! రిమార్కు లేకుండా ఈయన సంతకం ఎప్పుడు పెట్టారు? మా పెళ్లి రిజిస్టర్లో కూడా ‘గది ఉక్కగా ఉన్నది’ అని రాసిన మనిషి!”

“ఉత్త సంతకం పెడితే చదవనట్టే కదా?” నాన్న అమాయకంగా అడిగాడు. “రాస్తే చెల్లదని నాకెవరు చెప్పారు?”

కూతురు కుర్చీలో కూలబడింది. కళ్లు నిండాయి.

“మేం నలభై పేజీల రిపోర్టు రాశాం నాన్నా. ప్యాకింగ్ వాళ్లని తీసేస్తే లాభం అన్నాం. ఆవిరి మాట అందులో ఎక్కడా లేదు. నువ్వు ఇంట్లోనే ఉన్నావు. నిన్ను ఓటు అడిగాను గానీ, ఫ్యాక్టరీ గురించి అడగనేలేదు.”

“కొత్త కార్డు తెచ్చావా?”

“తెచ్చాను. ఇప్పుడే ఇవ్వను. ముందు మా రిపోర్టు చదివి, రిమార్కులు దాని మీద రాయి.”