గుంటల ఇంజనీరు

ఉదయం షట్టర్ ఎత్తేసరికి షాపు మెట్టు ముందు ఒక అమ్మాయి గొంతుక్కూర్చుని, రోడ్డు మీద సుద్దముక్కతో గీతలు గీస్తోంది. పక్కన కొలత టేపు, మడతలు పడ్డ పెద్ద మ్యాపు.

ఆ షాపులో పుస్తకాలు బైండింగ్ చేసే కుర్రవాడు కాసేపు చూశాడు.

"తొక్కుడుబిళ్ళ ఆడుకోవడానికి మా షాపే దొరికిందా అండీ?"

ఆమె తలెత్తకుండానే మెడలోని గుర్తింపు కార్డు పైకెత్తి చూపించింది. "మున్సిపాలిటీ, డ్రైనేజీ విభాగం. ఇక్కడ గుంట తవ్వుతున్నాం. తొమ్మిది మీటర్ల పొడవు."

"వానొస్తే షాపులోకి నీళ్ళొస్తున్నాయని మూడేళ్ళుగా అర్జీలు పెడుతున్నాం. దానికి సమాధానంగా మా గుమ్మం ముందే గుంటా?"

"ఆ నీళ్ళు ఆపడానికే." ఈసారి లేచి నిలబడింది. "ఈ వీధంతా సిమెంటు. పడిన చుక్క పడినట్టే పల్లానికి పరిగెత్తుతుంది. దాన్ని ఇక్కడ కాసేపు ఆపి మట్టికి తాగించాలి. అడుగున కంకర, పైన ఇసుక కలిపిన మట్టి, ఆ పైన మొక్కలు. వాన తోట అంటాం."

"బావుంది. కానీ మాకు నీళ్ళు ముందు నుంచి రావండీ. ఆ పక్కసందులోంచి వస్తాయి, స్కూలు వైపు నుంచి."

ఆమె మ్యాపు చూసింది. "స్కూలు వాలు అవతలి వైపుకుంది. ఇందులో స్పష్టంగా ఉంది."

"నీళ్ళకి మ్యాపు చదవడం రాదు కదండీ."

ఆమెకి నవ్వొచ్చింది. రాకుండా చూసుకుని మళ్ళీ గీతల మీదకి వంగింది.

నాలుగు రోజుల్లో వీధి ఆమెకి గుంటల ఇంజనీరు అని పేరు పెట్టేసింది. ఆ పేరు ఆమె దాకా వెళ్ళింది. ఏమీ అనుకోలేదు. పనివాళ్ళు కొత్తగా పోసిన మట్టి మీద నడుస్తుంటే మాత్రం ఊరుకునేది కాదు. "తొక్కకండి బాబూ, గట్టిపడితే అది నీళ్ళు తాగదు," అంటూ వాళ్ళ వెంట తిరిగేది.

బైండర్ కుట్టుసూది చేతిలో పట్టుకుని ఆమెనే చూస్తూ ఉండేవాడు. వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు ఆ షాపు నడిపాడు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని పేజీలు లెక్కపెట్టే పని మాత్రం చేస్తున్నాడు.

"ఒరే, ఆ పుస్తకాన్ని రెండోసారి కుడుతున్నావు," అన్నాడాయన ఒకరోజు, తల ఎత్తకుండానే.

మంచినీళ్ళ కోసం వచ్చిన ఆమె ఒకసారి పుస్తకాలు అదిమిపెట్టే ప్రెస్ దగ్గర ఆగింది. కొత్తగా అట్ట వేసిన పుస్తకాలు అందులో ఉన్నాయి.

"దీన్ని ఇంకా బిగించరేం?"

"కాగితం ముందు జిగురు తాగాలండీ. తొందరపడి బిగిస్తే పక్కల నుంచి బయటికొచ్చేస్తుంది. నిదానంగా తాగితే వదలదు."

ఆమె ఆ ప్రెస్ వంక చాలాసేపు చూసింది. "మా మట్టి సంగతీ ఇంతే," అంది. ఆ తర్వాత రోజూ ఆమెకి దాహం వేయసాగింది.

మొక్కలు నాటాక మొదటి పెద్ద వాన మధ్యాహ్నం రెండింటికి వచ్చింది.

వాన తోట ఇరవై నిమిషాల్లో నిండిపోయింది. పక్కసందులోంచి ఎర్రటి నీళ్ళు వచ్చి దాన్ని దాటి షాపులోకి ఎక్కాయి. తండ్రీకొడుకులు చేతికి అందినవి అందినట్టు పైకి చేర్చారు. అయినా ఒక గ్రంథాలయం బైండింగ్‌కి పంపిన నలభై పాత పుస్తకాలు మిగల్లేదు. వాటిలో కొన్నిటికి మరో ప్రతి ఎక్కడా లేదు.

ఆమె మోకాళ్ళ లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చింది. వీధిలో తలా ఒక మాట అన్నారు. ఆమె నేరుగా షాపులోకి వచ్చి, తడిసిన పుస్తకాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టింది. అతను ఆమెకేసి చూడకుండా నీళ్ళు తోడుతున్నాడు. వద్దని మాత్రం అనలేదు.

మర్నాడు వీధివాళ్ళు గుంట పూడ్చెయ్యమని అర్జీ రాశారు. అందరి సంతకాలూ అయ్యాయి. గుంట ఎవరి గుమ్మం ముందుందో అతని సంతకమే ముఖ్యమని, కాగితం షాపులో వదిలి వెళ్ళారు. అతను పెన్ను తీస్తుండగా ఆమె వచ్చింది.

"సంతకం పెట్టండి," అంది. "తప్పు నాది. మీరు మొదటిరోజే చెప్పారు. కాగితం మీదున్నది చూశాను గానీ మీ మాట వినలేదు. ఆఫీసుకి కూడా ఇలాగే రాసిచ్చాను."

రాత్రంతా కూడబెట్టుకున్న కోపం ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు.

"ఆఫీసరు తప్పు ఒప్పుకోవడం ఈ వయసుకి ఇప్పుడే చూశానమ్మా," అన్నాడు నాన్న. "కూర్చో."

బైండర్ పెన్ను మూత పెట్టేశాడు. "ఈసారి వానొచ్చేటప్పుడు రండి. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో చూపిస్తాను. సంతకం సంగతి తర్వాత."

నాలుగు రోజుల తర్వాత సాయంత్రం మబ్బు పట్టింది. మొదటి చినుకు పడకముందే ఆమె షాపు దగ్గర ఉంది. అతను గొడుగు తెరిస్తే వద్దంది. "అడ్డమొస్తుంది. నాకు పైకప్పులు కనపడాలి."

ఇద్దరూ తడుస్తూ స్కూలు వెనక సందులోకి వెళ్ళారు. అక్కడ కొత్త బిల్డింగు పైనుంచి గొట్టాలు వరసగా దిగి, నీళ్ళన్నీ సందులోకే కక్కుతున్నాయి. ఆమె లెక్కపెట్టింది. పదకొండు.

"ఆ మ్యాపు గీసేనాటికి ఈ బిల్డింగు లేదు," అంది మెల్లిగా. "ఈ నీళ్ళు ఇక్కణ్ణుంచి మీ షాపుకి ఎంతసేపట్లో వస్తాయి?"

అతను జేబులోంచి అట్టముక్క ఒకటి తీసి నీళ్ళలో వేశాడు. అది గిర్రున తిరిగి పరుగందుకుంది. ఆమె వాచీ చూసుకుంటూ దాని వెంట పరిగెత్తింది. అతను ఆమె వెంట. మలుపులో అట్టముక్క ఒక రాయికి తగులుకుంటే ఇద్దరూ ఒకేసారి వంగి, తలలు ఢీకొట్టుకున్నారు.

"రెండు నిమిషాల పది సెకన్లు," అంది ఆమె, అట్టముక్క షాపు మెట్టు చేరాక, నుదురు రుద్దుకుంటూ. "మీ తలకాయ ఆలస్యం తీసేస్తే."

ఆ రోజు షాపులోకి నీళ్ళు కొంచెమే వచ్చాయి. ఎత్తి పెట్టాల్సినవి ముందే పెట్టారు కనక మెట్టు మీద నిలబడి వాన చూసే తీరిక దొరికింది.

"చిన్నప్పుడు మాది పల్లంలో ఉన్న అద్దె ఇల్లు," అంది ఆమె ఉన్నట్టుండి. "వానొస్తే మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. అందరం ఏదో ఒకటి మోస్తూ ఉండేవాళ్ళం. వానని ఇలా నిలబడి చూడొచ్చని నాకు చాలా ఏళ్ళు తెలీదు."

అతను కాస్త జరిగి, జల్లు తగలని చోటు ఆమెకిచ్చి, పక్కనే నిలబడ్డాడు. ఆమెకి అది చాలినట్టే ఉంది.

స్కూలు హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. గోడ లోపలివైపు ఇంకో వాన తోట వేసి, గొట్టాలన్నీ దానిలోకి తిప్పాలన్నది ఆలోచన.

"దోమలు చేరితే?" అందావిడ.

"నీళ్ళు ఒక్కరోజుకి మించి నిలవవు మేడం. నిలిస్తే నేనే పూడ్పిస్తాను."

"నేను రోజూ వచ్చి చూస్తాను," అన్నాడతను.

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు పైనుంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "దోమల్నేనా?" అని అడిగి, సంతకం పెట్టింది.

పని నెలరోజులు పట్టింది. ఆ పైవారమే, పాఠాలు వినపడనంత వాన కురిసింది. స్కూలు తోట నిండింది, పొంగలేదు. షాపు ముందు నీళ్ళు మెట్టు దాకా లేచి అక్కడే ఆగాయి. నాన్న కుర్చీ వేసుకుని వాటికేసి చూస్తూ కూర్చున్నాడు. చీకటి పడేలోపు మొక్కల మధ్య బురద తప్ప ఏమీ మిగల్లేదు. అర్జీ గురించి మళ్ళీ ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఆమె రావడం మానేసింది. పని అయిపోయింది, వేరే వీధి అప్పగించారు. వారం గడిచింది. రెండు వానలు వచ్చాయి, వీధి ఆరిపోయింది. బైండర్ ఒక నిఘంటువుకి అట్ట తలకిందులుగా వేశాడు.

"నీళ్ళొచ్చినప్పుడే నయంరా," అన్నాడు నాన్న. "కనీసం పుస్తకాలు తిన్నగా ఉండేవి. వెళ్ళు."

అతను వెళ్ళాడు. మున్సిపల్ ఆఫీసులో ఆమెని కలవడానికి వేరే దారి తెలియక, ఫిర్యాదుల వరసలో నిలబడ్డాడు. గుమాస్తా ఫారం ఇచ్చాడు. 'సమస్య' అన్నచోట అతను ఇలా రాశాడు: మా వీధిలో ఇప్పుడు నీళ్ళు నిలవడం లేదు. అందువల్ల ఇంజనీరు గారు రావడం లేదు. నాకు బాగోలేదు. నీళ్ళ కోసం కాదు, ఆమె కోసమే రోజూ చూసేవాణ్ణని ఇప్పుడు తెలిసింది.

గుమాస్తా చదివి, చిన్నగా దగ్గి, ఫారం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. ఆ పదినిమిషాలూ అతనికి ఓ పట్టాన గడవలేదు. తర్వాత ఆమే బయటికి వచ్చింది. ముఖం మామూలుగానే ఉంది గానీ, చెవులు ఎర్రబడ్డాయి.

"మేం పని ముగించుకుని వెళ్ళిపోతేనే జనం సుఖంగా ఉంటారనుకున్నాను," అంది.

"అందరూ సుఖంగానే ఉన్నారండీ. ఒక్కరు తప్ప."

"ఇద్దరు," అంది ఆమె. వరసలో ఉన్నవాళ్ళు చూస్తున్నారని గుర్తొచ్చి, ఫారం అతని చేతిలో పెట్టి గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

'తీసుకున్న చర్య' అన్నచోట గుండ్రటి అక్షరాలు ఉన్నాయి: ఆదివారం స్థల పరిశీలనకి వస్తున్నాను. మా అమ్మని కూడా తీసుకొస్తున్నాను.

ఇంటికి వెళ్ళి నాన్నకి చూపించాడు. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు, దగ్గరగా పట్టుకుని మళ్ళీ చదివాడు.  

"మనింట్లో కుర్చీలు రెండే ఉన్నాయి కదరా," అన్నాడు చివరికి.

చెప్పులు వేసుకుని, కొడుకు కోసం ఆగకుండా, ఇంకో రెండు కొనడానికి ఆయనే బయల్దేరాడు.