నాలుగు గీతలు

ఇస్సాత్ మావయ్య షెడ్డులో పొయ్యి మీద కాఫీ మరుగుతోంది. పెట్రోలు, కాఫీ, తడిసిన రెయిన్‌డీర్ తోళ్ళు, అన్నీ కలిసిన ఆ వాసన రిస్తిన్‌కి చిన్నప్పటినుంచీ ఇష్టం. తన మంచుబండిని షెడ్డు మధ్యకి తోసి, ముందుభాగం ఎత్తి చెక్కదిమ్మ మీద ఆనించింది. ముందు చక్రాల బదులు ఉండే స్కీ పలక అడుగున వేలు పెట్టి రాసి చూసుకుంది.

"చూడు మావయ్యా, కడ్డీలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. హ్యాండిల్ ఎడమకి తిప్పితే, కాసేపు ఆలోచించుకుని తిన్నగానే పోతోంది."

"మీ ఆయన లాగే అన్నమాట," అన్నాడు ఇస్సాత్.

రిస్తిన్ నవ్వింది గానీ, లోపల దిగులుగానే ఉంది. స్కీ ఎంత మంచిదైనా గడ్డకట్టిన సరస్సు మీద బండిని తిప్పేది దాని అడుగున బిగించిన ఆ సన్నటి ఇనప కడ్డీయే. అంచు పదునుగా ఉంటే మంచుగడ్డని కొరికి పట్టుకుంటుంది. అరిగితే బండి మన మాట వినదు. కొత్తవి క్రిస్మస్ పండగ వెళ్ళాక గానీ రావని కబురొచ్చింది. ఈలోగా వదినని వారం వారం సరస్సు దాటించి అవతలి ఒడ్డున నర్సుకి చూపించాలి. వదిన బిరెత్‌కి నెలలు నిండాయి. ఊళ్ళో మగవాళ్ళందరూ బండ్లేసుకుని రెయిన్‌డీర్ మందని మళ్ళించడానికి కొండల మీదికి పోయారు. రిస్తిన్ మొగుడూ వాళ్ళతోనే ఉన్నాడు. మిగిలిన బండి ఇదొక్కటే, మిగిలిన మగాడు మోకాళ్ళు పనిచెయ్యని ఇస్సాత్ ఒక్కడే.

"వెనకాల ఒడ్డున అన్నయ్య బండి ఉందిగా. దాని స్కీలు తీసి నా బండికి పెట్టెయ్," అంది.

ఇస్సాత్ చేతిలో కప్పు కింద పెట్టాడు.

ఆమె అన్న నిల్లాస్ ఏప్రిల్ చివర్లో, సరస్సు సన్నబడే ఇరుకుపాయ దగ్గర మంచు విరిగి మునిగిపోయాడు. అడుగున ప్రవాహం ఉండబట్టి అక్కడ మంచు ఎప్పుడూ పలచనే, దారి గుర్తు కోసం పాతే కర్రల్ని కూడా దానికి దూరంగా దక్షిణాన పాతుతారు. ఆ రోజు పొద్దున్నే బిరెత్ కడుపుతో ఉన్నానని చెప్పింది. ఆ కబురు ఊరంతా చాటాలని దగ్గరి దారిన పోయాడు. పైగా కొత్త స్కీలు. ఒక్కో స్కీకి రెండేసి కడ్డీలు, మొత్తం నాలుగు. ఈ సరస్సు మీద అలాంటివి ఇంకెవరికీ లేవు. తర్వాత బండి దొరికింది, మనిషి దొరకలేదు.

"అమ్మాయ్, మంచు కిందికి పోయి వచ్చిన వస్తువుని ఏడాది ముట్టుకోకూడదు. ఒడ్డున బోర్లించి వదిలెయ్యాలి. వాడకూడదు, తిరిగి నీళ్ళకీ ఇవ్వకూడదు. మా నాన్న అంతే చేసేవాడు, వాళ్ళ నాన్నా అంతే."

"మీ నాన్న కాలంలో మంచుబండ్లు ఎక్కడివి?"

"పడవలుండేవి, వలలుండేవి. మునిగినవాళ్ళు అప్పుడూ ఉండేవాళ్ళు."

"నీ చాదస్తం నువ్వుంచుకో మావయ్యా. దారిలో బండి తిరక్క వదిన పడిపోతే, అప్పుడేం చేస్తావు?"

ఇస్సాత్ పనిముట్ల పెట్టె తెరిచాడు. పానా అందించాడు. కానీ ఒక్క నట్టు కూడా తను బిగించలేదు.

మర్నాడు బిరెత్‌ని బండి వెనక కట్టిన స్లెడ్జిలో కూర్చోబెట్టుకుని నర్సు దగ్గరికి బయల్దేరింది రిస్తిన్. బండి వెన్నలా తిరుగుతోంది. వేలితో తాకితే చాలు, మలుపు తీసుకుంటోంది. "అన్నయ్యకి డబ్బా కొట్టుకోవడం అలవాటే గానీ, ఈ ఒక్కటీ నిజమే చెప్పాడు!" అని వెనక్కి అరిచింది. ఒక్కటే చిన్న లోపం. హ్యాండిల్ కాస్త కుడికి లాగుతోంది. స్కీలు సమంగా బిగించలేదు కాబోలు అనుకుంది. అవతలి ఒడ్డున టేపు తీసి రెండు స్కీల మధ్య దూరం ముందూ వెనకా కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు.

తిరిగొచ్చేటప్పుడు హ్యాండిల్ ఎడమకి లాగింది.

బిగింపులో లోపమైతే ఎప్పుడూ ఒకే పక్కకి లాగాలి. పోయేటప్పుడు కుడి, వచ్చేటప్పుడు ఎడమ... రెండూ ఉత్తరమే. రెండూ ఇరుకుపాయ వైపే. రిస్తిన్ హ్యాండిల్‌ని బిగించి పట్టుకుని, కర్రల పక్కనే బండిని ఇంటికి చేర్చింది. రేపు తెల్లారగానే ఊడదీసి అవతల పారేస్తాను, అరిగినవే నయం అనుకుంది.

ఆ రేపు అలా రాలేదు. పొద్దున్నే బిరెత్‌కి ఉమ్మనీరు పోయింది, నొప్పులు మొదలయ్యాయి. నర్సుకి ఫోన్ చేస్తే హెలికాప్టర్ పంపిస్తామంది; దానికోసం చూస్తూ రిస్తిన్ మధ్యాహ్నం దాకా వదిన చెయ్యి వదల్లేదు. చివరికి నర్సే ఫోన్ చేసి, గాలి ఎక్కువగా ఉంది, హెలికాప్టర్ రాదు, ఒడ్డు దాకా తీసుకొచ్చెయ్యండి, దీపం పెట్టుకుని నిలబడతాను అంది. స్కీలు మార్చడానికి గంట పడుతుంది. బిరెత్ ముఖం చూస్తే ఆ గంట లేదు.

ఇస్సాత్ కుంటుకుంటూ వచ్చి, స్లెడ్జిలో తోళ్ళు పరిచి, బిరెత్‌ని గడ్డం దాకా కప్పాడు. రిస్తిన్ చెవి దగ్గరికి వంగాడు.

"కర్రల్ని వదలకు. దేన్నయినా వదులు, కర్రల్ని వదలకు."

అప్పుడు మధ్యాహ్నం రెండు. డిసెంబరులో ఇంత ఉత్తరాన సూర్యుడు ముఖం చూపించడు, రెండింటికే చిక్కటి చీకటి. మంచు సన్నగా పడుతోంది. హెడ్‌లైటు వెలుగులో దారి కర్రలు ఒక్కొక్కటే వచ్చి పక్కనుంచి పోతున్నాయి. ఇంజను హోరు, కింద మంచుగడ్డ మీద కడ్డీల కరకర. అప్పుడప్పుడూ వెనకనుంచి బిరెత్ పళ్ళు బిగించి మూలగడం. గాలిలో ఏ వాసనా లేదు. గట్టి చలిలో అంతే, ముక్కుకి ఏదీ తెలియదు.

నాలుగు కిలోమీటర్లు సాఫీగా గడిచాయి. ఆ తర్వాత హ్యాండిల్ లాగడం మొదలైంది.

నిన్నటిలా కాదు. నిన్న మారాం చేసే పిల్లాడు కొంగు లాగినట్టుంది. ఇవాళ ఎవరో అవతలి కొసని రెండు చేతులా పట్టుకున్నట్టుంది. రిస్తిన్ ఒళ్ళంతా ఎడమకి వంచి లాగిపట్టింది. భుజాలు వణికాయి. కర్ర ఒకటి కనిపించింది. ఇంకొకటి... కాస్త దూరంగా. ఇంకొకటి...

ఇంక కనిపించలేదు.

బండి ఆపుదామని వేగం తగ్గించింది. అప్పుడు చూసింది. వెలుగులో, ఎదురుగా, మంచు మీద జాడ. అప్పుడే పడినట్టు అంచులు విరగకుండా ఉంది. ఎడమ స్కీకి రెండు గీతలు, కుడి స్కీకి రెండు గీతలు.

నాలుగు గీతలు.

ఈ దారిన తను ఎప్పుడూ రాలేదు. ఆ స్కీలు తన బండికే ఉన్నాయి. మరి ఈ జాడ ఎవరిది? అడుగుతున్న మనసే జవాబు కూడా చెప్పేసింది. స్కీలు ఆ గీతల్లోకి దిగి, గాడిలో పడ్డట్టు కుదురుగా కూర్చున్నాయి. హ్యాండిల్ లాగడం మానేసింది. ఇక లాగాల్సిన అవసరం లేదు కాబోలు.

అప్పుడు వాసన వచ్చింది. తడి వాసన... నాచు వాసన... మంచు కప్పని నీళ్ళ వాసన.

బ్రేకు ఒక్క నొక్కు నొక్కి ఇంజను ఆపేసింది. బండి జారి జారి ఆగింది. పది అడుగుల అవతల మంచు లేదు. నల్లగా కదులుతోంది. చప్పుడు లేకుండా.

"రిస్తిన్..." వెనకనుంచి గుసగుస. "అతనేనా?"

"మాట్లాడకు వదినా."

"నన్ను పిలుస్తున్నాడు."

"ఏం వినపడటం లేదు. గాలి అది. కళ్ళు మూసుకో... పేరు మాత్రం పలక్కు."

తిరిగి పోనిస్తే మళ్ళీ ఇక్కడికే తెస్తుంది. ఈ కడ్డీలున్నంత సేపూ తిప్పేది తను కాదు. అవి లేకపోతే బండి అసలు తిరగదు... రిస్తిన్ అక్కడ ఆగింది. తిరగదు. అవును, ఎవరు తిప్పినా తిరగదు!

దూరంగా నర్సు పట్టుకున్న దీపం చుక్కలా మినుకుమంటోంది. బండి ముక్కుని అటు పెడితే చాలు. తిన్నగా పోవడానికి కడ్డీలెందుకు?

పానా తీసి మోకాళ్ళ మీద కూర్చుంది. చేతొడుగులతో నట్లు దొరకలేదు, విప్పేసింది. ఇనుము చర్మానికి అంటుకుని ఊడొచ్చింది. ఒక్కో కడ్డీకి మూడు నట్లు. ఒకటి... రెండు... మూడు. స్కీ ఎత్తి కడ్డీని కిందినుంచి పీకింది. అది చేతిలో వెచ్చగా ఉంది. ఆ చలిలో. భయంతో ఒక్క కేక పెట్టి విసిరేసింది, ఎదురుగా ఉన్న నీళ్ళలోకి.

గుబుక్.

రెండోది. గుబుక్.

మూడోది. గుబుక్.

అప్పుడు గుర్తొచ్చింది ఇస్సాత్ మాట. తిరిగి నీళ్ళకీ ఇవ్వకూడదు. కానీ నాలుగోది అప్పటికే చెయ్యి దాటిపోయింది. రిస్తిన్ ఊపిరి బిగబట్టి విన్నది. ఒక క్షణం... ఇంకో క్షణం...

నాలుగోది పడిన చప్పుడు రాలేదు.

ఆ తర్వాత ఆమె ఒళ్ళు ఆమెకి తెలియలేదు. స్కీల కొసనున్న పిడులు పట్టుకుని బండి ముక్కుని అంగుళం అంగుళం ఈడ్చి దీపం వైపు పెట్టింది. స్లెడ్జిని తోసి దాని వెనక సరిచేసింది. తాడు లాగిన మొదటిసారికే ఇంజను అందుకుంది. బండి మొండిగా, మొద్దుగా, తిన్నగా పోయింది. ఆమె వెనక్కి చూడలేదు. వెనకనుంచి కరకర వినిపిస్తూనే ఉంది. తన స్కీలకి కడ్డీలు లేవు కదా అన్న ఆలోచనని మనసులోకి రానివ్వలేదు.

బిడ్డ సాయంత్రం ఆరింటికి, ఒడ్డున నర్సు ఇంట్లో పుట్టింది. ఆడపిల్ల, ఏడుపు గట్టిది. తల్లీ బిడ్డా క్షేమం అని నర్సు చెప్పగానే రిస్తిన్ గది బయట నడవలో కూలబడి, చేతికి కట్టిన కట్లు ముఖానికి అదుముకుని భోరున ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోయింది.

పొద్దున్న పదింటికి, ఆకాశం కాస్త బూడిదరంగు తిరిగాక, నర్సు వచ్చి తట్టి లేపింది. నర్సు యాభై దాటిన పెద్దమనిషి, దేనికీ తొణకదు. ఇప్పుడు మాత్రం చేతిలో చిన్న ఉన్నిటోపీ పట్టుకుని తటపటాయిస్తోంది.

"పాపకి రాత్రి స్నానం గానీ చేయించావా?"

"నేనా? నేను గదిలోకే రాలేదే."

"మరి పాప జుట్టంతా తడి. ఈ టోపీ చూడు." నర్సు పిండితే నీళ్ళు కారాయి. రిస్తిన్ ముక్కుకి నాచు వాసన తగిలింది. "కిటికీలోంచి గానీ మంచు లోపలికొస్తోందేమో. బయటినుంచి ఒకసారి చూద్దాం రా."

రాత్రంతా కురిసిన మంచు తెల్లవారుజామున ఆగినట్టుంది. పెరడంతా తెల్లగా, నున్నగా, ఎవరూ తొక్కకుండా ఉంది.

సరస్సు ఒడ్డునుంచి నాలుగు గీతలు పైకి ఎక్కి వచ్చాయి. పెరడు దాటి, బిరెత్ గది కిటికీ కింద, గోడని ఆనుకుని ఆగాయి. మంచుబండి పోతే స్కీల మధ్య, బండిని నెట్టే వెడల్పాటి రబ్బరు బెల్టు అచ్చు పడాలి. అక్కడ ఏమీ లేదు. స్కీలు మాత్రమే నడిచి వచ్చినట్టు నాలుగు గీతలు, అంతే.

రిస్తిన్ వాటి వెంట ఒడ్డు దాకా కళ్ళతో వెతికింది. మళ్ళీ వెతికింది. వచ్చిన గీతలే ఉన్నాయి. వెళ్ళినవి లేవు.

నర్సు ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ ఇంట్లో నర్సూ, రిస్తినూ, తల్లీ బిడ్డా తప్ప ఇంకెవరూ లేరు. కిటికీ అవతల బిరెత్ గొంతు వినిపిస్తోంది. మెల్లగా, ముద్దుగా, ఎవరికో నేర్పుతున్నట్టు.

"అలా కాదు... తల కింద చెయ్యి పెట్టి ఎత్తుకో."