దిద్దిన ఫొటోలు

ఉదయం ఎనిమిదింటికల్లా అల్మరాలోని ఆల్బమ్‌లన్నీ మంచం మీదికి చేరాయి. "ఏడాదికొకటైనా పాపను పక్కనుంచి తీసిన ఫొటో తెమ్మన్నారు సర్జన్ గారు. పై దవడ ఎప్పుడు వెనకబడిందో చూడాలట," అంటూ భార్య పేజీలు తిప్పుతోంది. ఫొటోగ్రాఫరైన భర్త గుమ్మం దాటి లోపలికి రాలేదు.

కూతురు గ్రహణం మొర్రితో పుట్టింది. పసితనంలోనే పెదవీ అంగిలీ కుట్టారు. కానీ పై దవడ ఎముక వయసుతోపాటు ఎదగలేదు. పదమూడేళ్లకి ముఖం మధ్యభాగం లోపలికి పోయినట్టు కనిపిస్తోంది. పళ్లు కలవక ఏదీ కొరికి తినలేదు. సన్నటి గొంతని చిన్నప్పుడు పిలిచిన 'పిచ్చుక' అన్న పేరే ఇంట్లో నిలిచిపోయింది.

"పుట్టినరోజు ఫొటో ఒక్కటే కంప్యూటర్లో దిద్దారనుకున్నా. ఇదేంటండీ, ఒక్కదాంట్లోనూ పెదవి మీద కుట్ల మచ్చ లేదు, దవడా లోపలికి లేదు! అసలువి ఏవీ?"

"కంప్యూటర్లోంచి కూడా తీసేశాను," అన్నాడతను నేలచూపులు చూస్తూ.

"అన్నీనా నాన్నా?"

వెనకే పిచ్చుక నిలబడి ఉంది, తడి జుట్టుతో. తల్లి చేతిలోని ఆల్బమ్ తీసుకుని ఒక్కో పేజీ చూసింది.

"ఈ అమ్మాయి ఎవరు?"

"అది కాదమ్మా... స్టూడియోకి పదిమంది వస్తుంటారు. నీ ఫొటో చూసి ఎవరైనా నవ్వుతారేమోనని..."

"నేను రోజూ ఈ మొహంతోనే స్కూలుకి పోతున్నాగా. నేనే దాచుకోలేదు. నువ్వెందుకు దాచావు?"

అతనికి తెలుసు, ఇన్నాళ్లూ ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని భయపడిందీ, తలదించుకుందీ తానొక్కడే. పెళ్లికూతుళ్ల ముఖాల మీద మొటిమలు చెరిపినంత తేలిగ్గా కన్నకూతుర్ని చెరిపేశాడు.

ఆసుపత్రిలో భార్య ఏదో సర్దిచెప్పబోతుంటే అతనే అడ్డుకున్నాడు. "ఉన్నవన్నీ నేను దిద్దినవే డాక్టర్ గారూ. తప్పు నాది." సర్జన్ ఆవిడ ఆల్బమ్ మూసేసి, "ఎక్స్‌రేలతో నెట్టుకొద్దాం. ఆపరేషన్ తర్వాత మాత్రం వారం వారం ఫొటో కావాలి. ఉన్నది ఉన్నట్టు," అంది.

పై దవడ ఎముకను కోసి, తలకు లోహపు చట్రం బిగించారు. స్క్రూలు తిప్పేకొద్దీ దవడ రోజుకో మిల్లీమీటరు ముందుకు జరగాలి. ఇంట్లో ఆ పని తండ్రిదే. మొదటిరోజు అతను స్క్రూ తిప్పుతుంటే పిచ్చుక కళ్లు మూసుకుని అతని చొక్కా గట్టిగా పట్టుకుంది. ఆల్బమ్ గొడవ తర్వాత ఆమె అతన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

వారం గడిచాక కెమెరా తెచ్చి గడపలోనే ఆగిపోయాడు. చట్రంలో వాచిన ముఖం, పెదవి మీద పాత కుట్లు.

"తియ్యి నాన్నా, కదలను." కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఎంతకీ క్లిక్ వినపడలేదు.

"ఏమైంది?"

"మసగ్గా ఉందమ్మా... సరిగ్గా కనపడట్లేదు."

ఆమె మెల్లగా ఇటు తిరిగి అతని ముఖంలోకి చూసింది. లేచి వచ్చి, తన చున్నీ కొసతో అతని కళ్లు తుడిచింది.

"ఇప్పుడు చూడు," అంది.