కళ్ళజోళ్ళ షాపులో మూడో రోజు

“నీకు ఒకటే పని, మేజర్,” అన్నాడు బాస్, బల్లమీది ఫోటో ముందుకు తోస్తూ. “ఈమె కోడ్ నేమ్ పావురం. డబుల్ ఏజెంట్. మూడేళ్ళుగా విదేశీ ముఠాలో వాళ్ళ మనిషిలా తిరుగుతూ మనకి పనిచేస్తోంది. ఇక ఈమె ప్రాణం నీ పూచీ.”

“నా ప్రాణం అడ్డేస్తాను సార్.”

ఫోటోలో ఆమె నల్లకళ్ళద్దాలు పెట్టుకుని సినిమా తారలా నవ్వుతోంది.

మేజర్‌కి నలభై ఆరేళ్ళు. ఇరవై రెండేళ్ళ ఫీల్డ్ సర్వీసు, ఒంటిమీద రెండు బుల్లెట్ గాయాల మచ్చలు. ఇప్పుడు కొత్త డిపార్ట్‌మెంటు, కొత్త వేషం: కళ్ళజోళ్ళ షాపు ఓనరు. ఆ వయసులో కొత్తచోట చేరినవాళ్ళకి పట్టే జబ్బే అతనికీ పట్టింది. వచ్చీ రాగానే తనేమిటో చూపించాలి.

సోమవారం ఛార్జ్ తీసుకున్నాడు. పాత ఆఫీసరు వదిలివెళ్ళిన లావుపాటి ఫైలును సొరుగులో పడేశాడు. బయటికొచ్చి చూస్తే షాపు బోర్డు ఒక పక్కకి ఒరిగి ఉంది. స్టూలెక్కి తనే సరిచేశాడు.

“సార్, దాన్నలా ఉండనివ్వండి,” అంది పదకొండేళ్ళుగా షాపులో పనిచేస్తున్న ఉద్యోగిని. డిపార్ట్‌మెంటంతా ఆమెని అక్కా అనే పిలుస్తుంది. “ఎందుకో నాకు చెప్పలేదు. పాత సారు తాకొద్దన్నారు. ఫైల్లో ఉందట.”

“మా పాత డివిజన్లో ఇలాంటి నిర్లక్ష్యం చెల్లదమ్మా. నాకు మీరు చెప్పాలా?”

అక్క వెళ్ళి ఫ్రేములు తుడవడం మొదలుపెట్టింది.

బుధవారం పొద్దున ఏమీ తోచక ఫైలు తెరిచాడు. మూడో పేజీ దగ్గర ఆగిపోయాడు.

‘బోర్డు తిన్నగా ఉంటే లోపలికి రావచ్చు. ఒరిగి ఉంటే ప్రమాదం. పావురం ప్రతి బుధవారం పదకొండుకి చూసుకుంటుంది. షాపుమీద ముఠా కన్ను పడింది కాబట్టి ఒరగేశాను.’ కింద షాపుమీద నిఘా వేసిన ముఠా మనిషి ఫోటో. చెవి కింద మచ్చ.

మేజర్ తలెత్తాడు. చెవి కింద మచ్చ ఉన్న కస్టమరొకడు అక్క పక్కనే కూర్చుని ఫ్రేములు చూస్తున్నాడు. వాడి కుడిచెయ్యి కోటు జేబులోంచి బయటికి రావడంలేదు.

టైము పదీ యాభై రెండు. ఇప్పుడు బోర్డు ముట్టుకుంటే వాడికి తెలిసిపోతుంది, ముందు పోయేది అక్క. ముట్టుకోకపోతే పావురం. తుపాకి వాడిదే కావచ్చు, ఆమెని దాని ముందుకి పిలిచింది మాత్రం తను. ఫైలు మూసి సొరుగులోకి తోశాడు.

“అక్కా,” అన్నాడు. ఆ పిలుపు అదే మొదటిసారి. “ఈయన చూపు టెస్ట్ చెయ్యాలి. ఏ అద్దాలు వెయ్యాలో నాకు తెలీదు. మీరే చెప్పండి.”

అక్క అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. పెట్టెలోంచి అన్నిటికన్నా మందమైన రెండు లెన్సులు తీసి ఇచ్చింది. కస్టమరు వేషం వేసినవాడు కాదనలేకపోయాడు.

“తల కదపకండి. అక్షరాలు కనిపిస్తున్నాయా?”

“అంతా మసక.”

“అలవాటు పడాలండి.”

సరిగ్గా పదకొండు. తలుపు తెరుచుకుంది. హైహీల్స్ చప్పుడు, సెంటు వాసన.

“నా రీడింగ్ గ్లాసెస్ రెడీయా?”

అది కోడ్. వాడి చెయ్యి జేబులోంచి లేచింది. పిస్టల్ పేలింది. మేజర్ ఆ చెయ్యి విరిచిపట్టాడు, అక్క లెన్సుల పెట్టె ఎత్తి వాడి నెత్తిన ఒక్కటిచ్చింది. మనిషి నేలకూలాడు.

మసకలో గురి తప్పిన గుండు పావురం ఎడమ భుజాన్ని చీల్చుకుపోయింది. ఆమె పళ్ళు బిగించి పౌడరు డబ్బా అందించింది. లోపల మైక్రోఫిల్మ్, ముఠాలో ఎనిమిదిమంది పేర్లు. గంటలో అందరూ దొరికారు. ఆమె ఇక ఆ వేషంలోకి తిరిగి వెళ్ళలేదు.

“మీరు లేకపోతే ఇవాళ నా పని అయిపోయేది,” అంది, అక్క కట్టు కడుతుంటే.

ఆ మెచ్చుకోలు మింగేసి ఊరుకోవచ్చు. అక్క ఎవరికీ చెప్పదు. కానీ మింగుడుపడలేదు.

“బోర్డు సరిచేసింది నేనే. అక్క వద్దంది, కారణం ఫైల్లో ఉందని కూడా చెప్పింది. వినలేదు. మీ మూడేళ్ళ వేషం నా మూలంగా బట్టబయలైంది. క్షమించమనడానికి కూడా నాకు మొహం లేదు.”

పావురం అతనివైపు తిరిగింది.

“చేరి ఎన్నాళ్ళయింది?”

“మూడు రోజులు.”

“అయితే మిగతా వారం సెలవు పెట్టండి. నాకు మిగిలింది ఒక్క భుజమే.”